బుజ్జికి వచ్చిన తెలుగు మీ పుస్తకాలకు, గేములకు ఎందుకు రాదు: ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్,
2025 జనవరి 19.

తెలుగు పుస్తక ప్రచురణకర్తలకు,
ఓటీటీ సంస్థల్లో డబ్బింగ్, సబ్‌టైటిల్స్ పని చూసేవారికి,
గేమ్ స్టూడియోల వారికి,
గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపిక చేసే పెద్దలకు

నమస్కారం.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైన టీచర్ని. మా పేటలోని ఒక శాఖా గ్రంథాలయంలో ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా పిల్లలతో కూర్చుంటాను. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లలు, ముప్పై మందికి తక్కువ కాకుండా వస్తారు. తండ్రుల్లో ఆటో నడిపేవాళ్లు, ఏసీ మెకానిక్కులు, సెంట్రింగ్ పనికి పోయేవాళ్లు ఉన్నారు. తల్లులు ఎక్కువమంది ఇళ్లల్లో పనికి పోతారు.

సైన్స్ ఫిక్షన్, అంటే సైన్సును ఆధారం చేసుకుని అల్లిన ఊహాకథలు, మా పిల్లలకు తెలుగులో కావాలని మీలో కొందరికి నేను రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటిది జులైలో రాశాను. సెప్టెంబరులో పిల్లలే అర్ధరూపాయి పోస్టుకార్డుల మీద రాశారు, మొత్తం 38 కార్డులు. నవంబరులో ఈమెయిల్ పంపాను. కార్డులకు ఒక్క జవాబు రాలేదు. ఈమెయిల్‌కు మాత్రం నిమిషంలో వచ్చింది, ఇంగ్లీషులో, "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని. ఒక ప్రచురణకర్త ఫోన్ ఎత్తి మర్యాదగానే మాట్లాడారు: "అమ్మా, సైన్స్ ఫిక్షన్‌కి తెలుగులో మార్కెట్ లేదమ్మా. పిల్లలు చదవరు." ఆ రెండు ముక్కలు నాకు ముల్లులా గుచ్చుకున్నాయి కాబట్టే ఈ ఉత్తరం నలుగురి ముందు పెడుతున్నాను.

మార్కెట్ సంగతి ముందు చూద్దాం. 2024 జూన్ 27న 'కల్కి 2898 ఏడీ' సినిమా విడుదలైంది. మా పిల్లల్లో సగానికి పైగా ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూశారు, కొందరు రెండుసార్లు. ఆ తర్వాతి ఆదివారం నేను తెచ్చిన కథ పక్కకు పోయింది. రెండు గంటలూ అందులో మాట్లాడే బండి బుజ్జి గురించే. ఆరు టన్నుల ఆ బండికి ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. "మా నాన్న ఆటోకి ఉల్టా ఉంది టీచర్, మరి మలుపులో పడదా?" అని ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు. ఆ ప్రశ్న పట్టుకుని గురుత్వ కేంద్రం చెప్పాను. 31 ఏళ్లలో ఆ పాఠం అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. కథ క్రీస్తుపూర్వం 3102లో మొదలై క్రీస్తుశకం 2898లో ముగుస్తుందని, 6000 ఏళ్ల లెక్క అని దర్శకుడు నాగ్ అశ్విన్ చెప్పారు కదా. ఎనిమిదో తరగతి పిల్ల బోర్డు మీద కూడి చూపించింది. క్రీస్తుపూర్వం 1 తర్వాత నేరుగా క్రీస్తుశకం 1 వస్తుంది, మధ్యలో సున్నా సంవత్సరం అంటూ లేదు కాబట్టి నిజానికి 5999 అని నేను అన్నాను. ఒప్పుకోలేదు. ఆ తగువు ఇప్పటికీ తీరలేదు.

చదవరన్న పిల్లలు వీళ్లే. తర్వాతి వారం "టీచర్, గిట్లాంటి కథల పుస్తకం ఉంటే ఇయ్యండి" అని అడిగారు. గ్రంథాలయం బీరువాలన్నీ తీయించి చూశాను. పోటీ పరీక్షలవి ఉన్నాయి, పురాణాలు ఉన్నాయి, వ్యక్తిత్వ వికాసం ఒక అర నిండా ఉంది. అంతరిక్షం మీద ఒకటి దొరికింది. అది నేను ఇంటర్ చదివేనాటి పుస్తకం, అందులో ప్లూటో ఇంకా గ్రహమే.

డిసెంబరులో పుస్తక ప్రదర్శన జరిగింది, 19 నుంచి 29 దాకా, ఎన్టీఆర్ స్టేడియంలో. నలుగురు పిల్లలను వెంటేసుకుని పోయాను. ఒక స్టాల్‌లో సైన్స్ ఫిక్షన్ కావాలంటే అక్కడి కుర్రాడు తికమకపడి, "సైన్సా మేడం, ఫిక్షనా? ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు. ఇంకో చోట "శాస్త్రం ఇటు" అని చూపిస్తే వెళ్లాం. వాస్తు శాస్త్రం. పిల్లలు పడీపడీ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. నలుగురికీ తలా వంద రూపాయలు ఇచ్చి కొనుక్కోమంటే ఇద్దరు డబ్బు వెనక్కి తెచ్చిచ్చారు. కొనడానికి వచ్చిన డబ్బు అలా తిరిగిపోయినా, దాన్ని మార్కెట్ లేదనే అంటారా?

ఇక నా వాదన, పాయింట్లవారీగా.

1. పుస్తకాలు. ఇక్కడ ఎక్కువ చెప్పాలి, ఓపిక పట్టండి.

2024లో తెరమీద పెద్దగా కనిపించినవాటిలో చాలావరకు పుస్తకాల నుంచి వచ్చినవే. మార్చి 1న వచ్చిన 'డ్యూన్' రెండో భాగం 1965 నాటి నవల. మార్చి 21న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన '3 బాడీ ప్రాబ్లమ్' చైనా రచయిత లియు సిషిన్‌ది. ఆ రెండోదాని ప్రయాణం మీరు కాస్త చూడాలి. చెంగ్డూ నుంచి వెలువడే ఒక సైన్స్ ఫిక్షన్ పత్రికలో 2006లో అది సీరియల్‌గా వచ్చింది. 2008లో పుస్తకమైంది. 2014లో కెన్ లియు ఇంగ్లీషులోకి అనువదించారు. 2015లో సైన్స్ ఫిక్షన్ రచనలకు ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది, ఉత్తమ నవలకు ఆ అవార్డు అందుకున్న తొలి ఆసియా రచయిత ఆయనే. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు ప్రపంచమంతా తెరమీద చూసింది. మొదలు ఎక్కడ? ఒక పత్రిక, ఒక సీరియల్, ఒక అనువాదకుడు.

మనకు ఇవేవీ కొత్త కాదు. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోనే పుస్తకాలు అచ్చువేసి పంపేవి. విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాన్ మా ఊరి బడి ముందు ఆగితే మూడు రూపాయలకు గట్టి అట్ట పుస్తకం కొనుక్కునేదాన్ని. నాకు ఫిజిక్స్ పిచ్చి పట్టింది ఆ వ్యాన్ మెట్ల మీదే. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాలూ ఆగిపోయాయి. అదే ఏడు జులైలో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీశారు. టైమ్ మెషీన్ ఎక్కించి మనల్ని రాయలవారి కొలువుకూ, 2504కూ తిప్పుకొచ్చారు. అంటే, సినిమా అప్పుడే దారి వేసింది. వారపత్రికల సీరియళ్లలోనూ ఆ రోజుల్లో రోబోలూ, అంతరిక్ష నౌకలూ తిరిగేవి. ఆ పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, వాటి జాగాలోకి ఏదీ రాలేదు.

దీనివల్ల నష్టం ఎవరికో చెబుతాను. నవంబరు 12న బుకర్ బహుమతి సమంతా హార్వే రాసిన 'ఆర్బిటల్' నవలకు వచ్చింది. అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు, ఒక్క రోజు, పదహారు ప్రదక్షిణలు, అంతే కథ. 136 పేజీలు. అది సైన్స్ ఫిక్షనా కాదా అని విమర్శకులు వాదించుకోనివ్వండి, మా పిల్లలకు ఆ పట్టింపు లేదు. అదే సమయంలో సునీతా విలియమ్స్ ఎనిమిది రోజుల పనిమీద జూన్‌లో పైకి పోయి, ఈ ఉత్తరం రాసే నాటికీ అక్కడే ఉన్నారు. ప్రతి ఆదివారం పిల్లల మొదటి ప్రశ్న అదే: "ఆమె దిగిందా టీచర్?" ఒకసారి ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని నోటితో తెలుగు చేస్తూ నాలుగు పేజీలు చెప్పాను. తొంభై నిమిషాలకు ఒక చుట్టు అయితే రోజుకు ఎన్ని సూర్యోదయాలో లెక్క కట్టారు, పదహారు అని అరిచారు. తర్వాత ఒక పిల్ల నెమ్మదిగా అడిగింది: "మరి పండగ ఏ సూర్యోదయానికి చేసుకుంటరు?" సంక్రాంతి సెలవులప్పటి మాట ఇది. మిగతా 132 పేజీలూ నోటితో చెప్పే శక్తి నా గొంతుకు లేదు. ఆ పిల్ల తనంతట తాను చదువుకోగలిగితే ఇంకెన్ని అడిగేదో.

"ఇప్పుడు సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మీడియమే కదా, ఇంగ్లీషులోనే చదువుకోవచ్చు" అని ఒకాయన నాతో అన్నారు. ఆయన ఈ మధ్య బడి పుస్తకం తెరిచినట్టు లేరు. 2022-23 నుంచి మా పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో వస్తున్నాయి, ఒక పేజీ ఇంగ్లీషు, పక్కనే తెలుగు. పిల్లలు ఇంగ్లీషు పేజీ పరీక్ష కోసం, తెలుగు పేజీ అర్థం కావడం కోసం చదువుతున్నారు. ఏ పేజీ ఎక్కువ నలిగి ఉంటుందో చూస్తే తెలుస్తుంది.

కాబట్టి ప్రచురణకర్తలను అడిగేది: తలా ఒక్క పుస్తకం, ఏడాదికి. రెండొందల పేజీలకు మించనక్కర్లేదు. విదేశీ అనువాదమైనా సరే, మన రచయితలతో రాయించినదైనా సరే. అనువాదకులకు సరైన పారితోషికం ఇవ్వండి, అట్ట మీద పేరు వేయండి. వీలైతే కథల సంకలనాలను మా పాఠ్యపుస్తకాల పద్ధతిలోనే, ఎదురెదురు పేజీల్లో రెండు భాషల్లో వేయండి. ఆ అలవాటున్న పిల్లలు లక్షల్లో ఉన్నారు. ఇంత తయారుగా ఉన్న పాఠకుడు మీకు మళ్లీ దొరకడు.

2. తెర.

ఓటీటీల వారికి నా ఫిర్యాదు డబ్బింగ్ లేదని కాదు. చాలావాటికి ఉంది, సంతోషం. అది ఎవరు రాస్తున్నారు, ఎవరు చూస్తున్నారు అన్నదే. ఒక విదేశీ సిరీస్‌లో నేను కళ్లారా చదివిన తెలుగు సబ్‌టైటిల్ ఇది: "ఆ నక్షత్రం నాలుగు తేలికైన సంవత్సరాల దూరంలో ఉంది." ఇంగ్లీషు 'లైట్ ఇయర్' అంటే కాంతి సంవత్సరం, మా హైస్కూలు పిల్లలకు తెలిసిన మాట. ఒక పదో తరగతి పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకున్నా ఆ తప్పు పోయేది. మెషీన్ అనువాదం వాడితే వాడండి, కానీ చివర్లో ఒక మనిషి చదవాలి, ఆ మనిషికి సైన్సూ రావాలి, తెలుగూ రావాలి. కక్ష్య, కృష్ణబిలం, గురుత్వాకర్షణ లాంటివి పాఠాల్లో ఉన్న మాటలే, కొత్తగా పుట్టించే పని లేదు. రాకెట్, రోబో అలాగే ఉంచండి. వాటిని సంస్కృతం చేసి భయపెట్టొద్దు.

ఇంకో మాట. మా గుంపులో వినికిడి లోపమున్న పిల్ల ఒకతి ఉంది. బుజ్జికి కీర్తి సురేశ్ గొంతు ఎంత బాగుందో అందరూ చెప్పుకుంటుంటే, తను మా మొహాలు చూస్తూ కూర్చుంది. మే 31న వచ్చిన రెండు ఎపిసోడ్ల బుజ్జి యానిమేషన్ కూడా బొమ్మలు చూసి కథ తనే అల్లుకుంది. వినికిడి, చూపు లోపాలున్నవాళ్ల కోసం సినిమా హాళ్లలో ఏమేమి ఉండాలో కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 మార్చిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ స్ఫూర్తి ఫోన్ తెర మీదికీ రావాలి. తెలుగు మాటకు తెలుగు అక్షరంలోనే క్యాప్షన్ కావాలి, ఇంగ్లీషు లిపిలో వేసిన తెలుగు కాదు.

3. గేములు.

మా పిల్లలకు కంప్యూటర్లు లేవు, తండ్రి ఫోన్ ఉంది. రాత్రి తొమ్మిదికి ఆటో స్టాండ్ నుంచి ఆయన ఇంటికి వచ్చాక పదింటి దాకా అది వీళ్లది. ఆ గంటలో ఆడేది ఎక్కువగా కాల్చుకునే ఆటలే, ఎందుకంటే కాల్చడానికి చదవనక్కర్లేదు. కథ ఉన్న గేములో చదవాలి, అది ఇంగ్లీషు. పక్కింటి అన్న దగ్గర లాప్‌టాప్‌లో 'ఫాలవుట్' ఆడి చూసిన తొమ్మిదో తరగతి పిల్లవాడు నాతో అన్నమాట: "టీచర్, అందులో మనిషి ఏదో అడుగుతడు, నాలుగు జవాబులు ఇస్తది, నేను ఎప్పుడూ మొదటిదే నొక్కుతా." అణుయుద్ధం తర్వాత మిగిలిన లోకంలో ఎవరిని నమ్మాలి, ఎవరికి నీళ్లివ్వాలి అన్నదే ఆ గేము ప్రాణం. వాడికి అది దక్కలేదు.

ఆ గేము మొదటిది 1997లో వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ప్రైమ్‌లో సిరీస్ రాగానే 2015 నాటి నాలుగో గేమును జనం మళ్లీ ఎగబడి ఆడారు. తెర, గేము ఒకదాన్నొకటి లాక్కొస్తాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ గేము హక్కులు 2021 నుంచి మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్నాయి, అమెరికా బయట ఆ కంపెనీకి ఉన్న అతిపెద్ద కేంద్రాల్లో ఒకటి మన గచ్చిబౌలిలో ఉంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆఫీసు కూడా ఈ ఊళ్లోనే. గేములు తయారుచేసేవాళ్ల జాతీయ సదస్సు నవంబరులో ఇక్కడే జరిగింది. పుణె స్టూడియో ఒకటి మన సింధు నాగరికతను భవిష్యత్తులోకి లాక్కెళ్లి 'ఇండస్' అని అక్టోబరు 16న గేము విడుదల చేసింది. ఈ పని చేసే ఇంజినీర్లలో ఎంతమంది అమ్మతో ఫోన్లో తెలుగు మాట్లాడుతున్నారో మీకే తెలుసు.

పెద్ద గేముకు తెలుగు గొంతులు పెట్టమని అడగడం లేదు, ఆ ఖర్చు నేను ఊహించగలను. మెనూలు, సంభాషణల అక్షరాలు తెలుగులో ఉంటే చాలు. ముందు ఫోన్లో ఆడే చిన్న కథా గేము ఒక్కటి చేసి చూడండి. తెలుగు ఫాంటులో ఒత్తులు విరిగిపోకుండా చూసుకోండి. 'క్ష్మ' సరిగ్గా కనబడితే మిగతావన్నీ కనబడతాయి.

4. గ్రంథాలయాలు.

ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. అద్దె ఇళ్లలో ఉండే మా పిల్లల తల్లిదండ్రులు కూడా అద్దెలో కలిపి కడుతున్నట్టే. ఉద్యోగార్థుల పుస్తకాలు కొనాల్సిందే, చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దున ఆరింటికే కుర్చీ కోసం నిలబడే పిల్లలను నేనూ చూశాను. కానీ పిల్లల బీరువా అంటూ ఒకటుంటే అందులో కనీసం పది సైన్స్ ఫిక్షన్ పుస్తకాలు ఉండాలి. గ్రంథాలయాలు కొంటాయని తెలిస్తే ప్రచురణకర్త వెయ్యి కాపీలు వేయడానికి జంకడు. ఇప్పుడు ఆయన మీవైపు చూస్తున్నారు, మీరు ఆయనవైపు చూస్తున్నారు. మధ్యలో మా పిల్లలు ఇద్దరివైపూ చూస్తున్నారు.

2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. సైన్స్ ఫిక్షన్ సినిమా తీస్తే ఇంతమంది ప్రేక్షకులే. అదే అక్షరాల్లోకి దిగేసరికి మార్కెట్ లేదంటే ఎలా?

మొన్న గురువారం ఇస్రో వాళ్లు శ్రీహరికోట నుంచి పంపిన రెండు ఉపగ్రహాలను అంతరిక్షంలో ఒకదానికొకటి జోడించారు. ఈ పొద్దున పిల్లలు అదే ఆట ఆడారు. గ్రంథాలయం వరండాలో ఇద్దరు చేతులు చాచి మెల్లమెల్లగా దగ్గరికి రావాలి, తాకగానే కుదుపు రాకూడదు. కుదుపొస్తే మళ్లీ మొదటినుంచి. ఆట అయ్యాక ఒకడు నోటుబుక్కులో కథ మొదలుపెట్టాడు. రెండు ఉపగ్రహాలు కలిశాక లోపలి నుంచి ఎవరో తలుపు కొడతారట. రెండు పేజీలు రాసి, "టీచర్, ఇట్లాంటిది ఎట్ల రాయాల్నో సూస్తా, ఒక పుస్తకం ఇయ్యండి" అన్నాడు. వచ్చే వారం ఇస్తానన్నాను. ఎక్కడినుంచి తెస్తానో నాకే తెలియదు.

ఉగాది మార్చి 30న. ఆలోగా మీలో ఎవరైనా ఒక్క పుస్తకం, ఒక్క సరైన సబ్‌టైటిల్, ఒక్క తెలుగు మెనూ ఎప్పటికి ఇస్తారో తేదీ చెప్పండి. జవాబు పోస్టుకార్డు మీద రాసినా చాలు. పిల్లలు రాసిన 38 కార్డులకు నకళ్లు నా దగ్గర ఉన్నాయి, అందలేదన్నవాళ్లకు మళ్లీ పంపుతాను. ఏ ఆదివారమైనా పదింటికి వచ్చి వాళ్లతోనే మాట్లాడవచ్చు. బుజ్జి మలుపులో ఎందుకు పడదో తెలుసుకుని రండి, ముందు అదే అడుగుతారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచర్,
ఆదివారం పిల్లల తరఫున.